ఇంకా ఎంత రావాలి?



ఈ రోజు చిల్లర గురించి మాట్లాడుకుందాం. "చిల్లర గురించి మాట్లాడేదేముంది? చిన్న సంగతే కదా!" అనుకోకండి. ఈ చిన్న సంగతి దగ్గరే ఒక తల్లికీ కూతురికీ మధ్య పెద్ద గొడవ జరిగింది. ముందు ఆ కథ వినండి.

ఒక ఊరు. మీ ఊరే అనుకోండి. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. రోజూ కూలికి పోతుంది. ఆమెకు ఎనిమిదేళ్ల కూతురు. మూడో తరగతి చదువుతోంది.

ఒక సాయంత్రం తల్లి పని నుంచి వచ్చింది. ఇంట్లో పప్పు లేదు. పంచదార లేదు. కొంగు ముడి విప్పింది. వంద రూపాయల నోటు తీసి పాప చేతికిచ్చింది.

"అమ్మలూ! పావుకిలో కందిపప్పు, అరకిలో పంచదార పట్రా. చిల్లర జాగ్రత్త!" అంది.

పాప దుకాణానికి వెళ్లింది. పప్పు 34 రూపాయలు. పంచదార 24 రూపాయలు. రెండూ కలిపి 58 రూపాయలు. దుకాణం ఆయన వంద నోటు తీసుకున్నాడు. 42 రూపాయలు చిల్లర ఇచ్చాడు. పాప గుప్పిట మూసుకుని ఇంటికి వచ్చింది.

తల్లి చిల్లర ఎంచింది. మనసులో లెక్క వేసుకుంది. 'యాభైకి యాభై కలిస్తే వంద. ఎనిమిదికి రెండు కలిస్తే పది. అంటే యాభై రెండు రావాలి.' పాప తెచ్చింది నలభై రెండే.

"పది రూపాయలు ఏం చేశావే?" అని అడిగింది.

"ఏం చెయ్యలేదమ్మా! ఆయన ఇచ్చిందే తెచ్చాను."

"అబద్ధాలు చెప్పకు! ఏం కొనుక్కు తిన్నావు?"

"ఏమీ తినలేదమ్మా!"

పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చిన మనిషి. పది రూపాయలంటే ఆమెకు ఊరికే వచ్చేవి కావు. కోపం పట్టలేకపోయింది. పాప చెంప మీద ఒక్కటి వేసింది.

అంతటితో ఆగలేదు. దుకాణానికి పోయింది. "చిన్నపిల్ల అని పది రూపాయలు కొట్టేస్తావా?" అని అడిగింది. అక్కడ నలుగురూ ఉన్నారు.

"వందలో యాభై ఎనిమిది పోతే నలభై రెండు. సరిగ్గానే ఇచ్చానమ్మా!" అని దుకాణం ఆయన గబగబా చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. పక్కనున్న ఒకడు నవ్వాడు. "లెక్క వస్తే కదా!" అన్నాడు. ఆమె తల దించుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి పాప అన్నం తినలేదు. మర్నాడు తల్లి ఏదో తెమ్మంటే, "దుకాణానికి నేను పోను" అంది. ఆ మర్నాడూ అదే మాట. వారం గడిచినా అదే మాట.

ఇందులో తప్పు ఎవరిది? దుకాణం ఆయనదా? పాపదా? తల్లిదా? మీరు కూడా ఒకసారి లెక్క వేసి చూడండి.

ఆ తల్లి రాత్రిబడికి వెళ్తుంది. అక్షరాలు నేర్చుకుంది. అంకెలు నేర్చుకుంది. ఆ వారం రాత్రిబడిలో చిల్లర లెక్కలు మొదలయ్యాయి. చదువు చెప్పే అమ్మాయి కొన్ని చింతగింజలు తెచ్చి చాప మీద పోసింది.

"అక్కా, మీరు ఈమధ్య కొన్న సరుకు ఒకటి చెప్పండి" అంది.

తల్లి మనసులో ఉన్న లెక్కే బయటికి వచ్చింది. "యాభై ఎనిమిది రూపాయల సరుకు. వంద ఇచ్చాను" అంది.

"సరే. యాభై ఎనిమిది దగ్గర నిలబడండి. వంద దాకా మెట్లెక్కుతూ పోదాం. ఒక్కో మెట్టుకు ఇన్ని గింజలని పక్కన పెట్టండి."

"యాభై తొమ్మిది, అరవై" అంటూ తల్లి రెండు గింజలు పెట్టింది.

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"అరవై దగ్గర."

"ఇక్కడి నుంచి పది పదిగా ఎక్కండి. పదికి ఒక గింజ వేరే వరసలో పెట్టండి."

"డెబ్భై, ఎనభై, తొంభై, వంద." నాలుగు గింజలు పెట్టింది. నాలుగు పదులు నలభై. పక్కన రెండు. మొత్తం నలభై రెండు.

తల్లి ఆ గింజల వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్లీ ఒకసారి ఎంచింది. మళ్లీ నలభై రెండే వచ్చింది.

ఆమె తప్పు ఎక్కడ జరిగింది? ఎనిమిదికి రెండు కలిపితే పది అయింది. అది నిజమే. కానీ ఆ పది వచ్చి యాభైలో కలిసింది. యాభై కాస్తా అరవై అయింది. అరవై నుంచి వందకు నలభయ్యే. ఆమె మాత్రం ఇంకా యాభై దగ్గరే ఉండిపోయి, మరో యాభై కావాలనుకుంది. పెరిగిన పదిని మరిచిపోయింది. ఆ పది రూపాయలకే పాపకు చెంపదెబ్బ పడింది.

ఇది ఆమె ఒక్కతే చేసే తప్పు కాదు. చదువుకున్నవాళ్లు కూడా తొందరలో ఈ తప్పే చేస్తారు.

ఆ రాత్రి ఆమె ఇంటికి వచ్చేసరికి పాప నిద్రపోయింది. పొద్దున్నే పాపకు జడ వేస్తూ తల్లి చెప్పింది.

"ఆ రోజు నువ్వు తెచ్చిన చిల్లర సరిగ్గానే ఉంది తల్లీ. లెక్క తప్పింది నాదే."

పాప వెనక్కి తిరిగి చూసింది. "మరి నన్నెందుకు కొట్టావు?" అంది.

"నాకు లెక్క తెలియక కొట్టాను. ఇంక కొట్టను. మనిద్దరం కలిసి నేర్చుకుందాం."

చూశారా అక్కలారా! తల్లి తన తప్పు తాను ఒప్పుకుంది. దాంతో ఆమె చిన్నదైపోలేదు. ఆ రోజు నుంచే పాప చదువు మొదలైంది. దెబ్బ తిన్న పిల్ల లెక్కంటే భయపడుతుంది. భయపడిన పిల్ల చిల్లర ఎంచదు. గుప్పిట మూసుకుని పరిగెత్తి వస్తుంది. అందుకే పిల్లలకు చిల్లర లెక్క నేర్పాలంటే మొదటి పాఠం ఇదే. తప్పు వస్తే కొట్టకూడదు. మళ్లీ ఎంచమనాలి.

ఇంతకూ పాపకు బడిలో తీసివేత చెప్పలేదా? చెప్పారు. కానీ వందలోంచి యాభై ఎనిమిది తీసివేయడం పిల్లలకు కష్టం. సున్నాలోంచి ఎనిమిది పోదు. పక్కింటికి అప్పుకు వెళ్లాలి. అక్కడా సున్నాయే. ఆ పై ఇంటికి వెళ్లాలి. పలక మీద రాసుకుంటే సరే. దుకాణం ముందు నిలబడి, చేతిలో సంచీ పట్టుకుని, వెనకాల వాళ్లు తోస్తుంటే ఇదంతా ఎలా చేస్తారు? మెట్లెక్కే లెక్కలో అప్పు లేదు. ధర దగ్గర మొదలుపెట్టాలి. ఇచ్చిన నోటు దాకా ఎక్కాలి. అంతే.

ఆ తల్లి పాపకు ఎలా నేర్పిందో వినండి. మీరూ అలాగే నేర్పవచ్చు.

మొదటి రోజు: డబ్బును గుర్తుపట్టడం.

ఇంట్లో ఉన్న నోట్లు, బిళ్లలు చాప మీద పరిచింది. పది రూపాయల కొత్త నోటు గోధుమ రంగులో ఉంటుంది. యాభై నీలం రంగు. వంద లేత ఊదా రంగు. రెండు వందల నోటు పసుపుపచ్చ. ఐదు వందల నోటు బూడిద రంగు. రంగు చూసి ఊరుకోకూడదు. అంకె కూడా చదవాలి. నోటు వెనక వైపు ఎంత విలువో తెలుగులో కూడా రాసి ఉంటుంది. పాప దాన్ని వెతికి పైకి చదివింది. తల్లి కూడా చదివింది.

కొన్ని చోట్ల పది రూపాయల బిళ్ల చెల్లదంటారు. అది నిజం కాదు. అన్ని రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పింది. పావలా బిళ్ల మాత్రం 2011 జూన్ తర్వాత చెల్లలేదు.

రెండో రోజు: పదికి ఎంత తక్కువ?

రెండు చేతుల వేళ్లూ చాపమంది. ఏడు వేళ్లు ముడవమంది. ఇంకా ఎన్ని ఉన్నాయి? మూడు. అంటే ఏడుకు మూడు జత. ఇలా అన్నిటికీ జతలు చెప్పించింది.

ఒకటికి తొమ్మిది.
రెండుకు ఎనిమిది.
మూడుకు ఏడు.
నాలుగుకు ఆరు.
ఐదుకు ఐదు.

ఈ ఐదు జతలూ పాపకు నోటికి రావాలి. బియ్యం ఏరుతూ అడగవచ్చు. నీళ్లకు పోతూ అడగవచ్చు. "ఆరు?" అంటే "నాలుగు!" అనాలి. పాప ఎదురు అడిగితే తల్లి కూడా చెప్పాలి.

మూడో రోజు: మెట్లెక్కడం.

ముందు చిన్న లెక్కలు. 7 రూపాయల వస్తువు. 10 ఇచ్చాం. ఎంత రావాలి? 3.

తర్వాత యాభై. 36 రూపాయల వస్తువు. 50 ఇచ్చాం. 36 నుంచి 40కి నాలుగు. 40 నుంచి 50కి పది. మొత్తం 14.

ఆ తర్వాత వంద. 63 రూపాయల సరుకు. 100 ఇచ్చాం. 63 నుంచి 70కి ఏడు. 70 నుంచి 100కు ముప్ఫై. మొత్తం 37.

గుర్తు పెట్టుకోండి. ముందు దగ్గరలో ఉన్న పదికి చేరాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు ఎక్కడున్నాను?" అనుకోవాలి. ఆ తర్వాతే పై మెట్లు ఎక్కాలి. అక్కడ ఆగకపోబట్టే ఆ తల్లి లెక్క తప్పింది.

నాలుగో రోజు: దుకాణం ఆట.

ఇంట్లో ఉన్న డబ్బాలే సరుకులు. కాగితం ముక్కల మీద ధరలు రాశారు. కాగితాలతోనే నోట్లు చేశారు. ఒకసారి తల్లి దుకాణందారు. ఒకసారి పాప దుకాణందారు. తల్లి కావాలని అప్పుడప్పుడు తక్కువ చిల్లర ఇచ్చేది. "ఇంకా రావాలి!" అని పాప పట్టుకునేది. ఒక్కోసారి ఎక్కువ ఇచ్చేది. "ఎక్కువ ఇచ్చావు, తీసుకో" అని పాప తిరిగి ఇచ్చేది. ఎక్కువ వస్తే జేబులో వేసుకోవడం, తక్కువ వస్తే గొడవ పడటం, ఇది లెక్క కాదు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అంటారు కదా! లెక్క ఎటు వైపైనా లెక్కే.

ఈ ఆటలోనే పాప ఇంకో సంగతి నేర్చుకుంది. సరుకు 63 రూపాయలు అయితే కొందరు దుకాణందారులు "మూడు రూపాయలు ఉన్నాయా?" అని అడుగుతారు. వంద నోటూ, మూడు రూపాయలూ ఇస్తే 103. అప్పుడు 63 నుంచి 103 దాకా ఎక్కాలి. 73, 83, 93, 103. నాలుగు పదులు, అంటే 40. ఇందులో మోసం లేదు. చిల్లర నాణేలు లేక అడుగుతారు. సంగతి తెలియని పిల్లలు "ఇంకా మూడు ఎందుకు ఇవ్వాలి?" అని తికమక పడతారు.

వారం తర్వాత తల్లి పాపతో కలిసి దుకాణానికి వెళ్లింది. తాను కాస్త దూరంగా వేపచెట్టు కింద నిలబడింది. పాపే ముందుకు వెళ్లింది.

"బాబాయ్! కిలో ఉప్పు, అరకిలో పంచదార, ఒక సబ్బు ఇవ్వు. అంతా ఎంత?"

"డెబ్భై ఆరు."

పాప నోటు చాపుతూ, "ఇదిగో బాబాయ్, వంద" అని పైకి చెప్పింది. దుకాణం ఆయన నలుగురితో మాట్లాడుతూ చిల్లర ఇచ్చాడు. పాప అక్కడి నుంచి కదల్లేదు. బల్ల మీదే పెట్టి ఎంచింది. ఒక పది నోటు, రెండు రెండు రూపాయల బిళ్లలు. పద్నాలుగు.

"డెబ్భై ఆరు నుంచి ఎనభైకి నాలుగు. ఎనభై నుంచి వందకు ఇరవై. ఇరవై నాలుగు రావాలి బాబాయ్. ఇంకో పది ఇవ్వాలి" అంది.

దుకాణం ఆయన మళ్లీ చూసుకున్నాడు. "అవునమ్మా! మాటల్లో పడి తక్కువ ఇచ్చాను" అని పది రూపాయలు తీసి ఇచ్చాడు. గొడవ లేదు. కేకలు లేవు.

పాప పరుగెత్తుకుంటూ వచ్చి చిల్లర తల్లి చేతిలో పెట్టింది. తల్లి అప్పుడు చిల్లర ఎంచలేదు. కొంగున ముడి వేసుకుంది. మర్నాటి నుంచి పాప ఒక్కతే దుకాణానికి వెళ్తోంది.

అక్కలారా! లెక్క మన ఆడవాళ్లకు కొత్తది కాదు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి వంద పైసలు లేవు. రూపాయికి పదహారు అణాలు ఉండేవి. రెండణాలు బేడ. నాలుగణాలు పావలా. ఆ రోజుల్లో ఎంతోమంది అమ్మమ్మలకు అక్షరం ముక్క రాదు. అయినా పాలు అమ్మారు, కూరలు అమ్మారు. బేడలూ పావలాలూ నోటితోనే లెక్క కట్టారు. ఎలా కట్టారు? చిన్నప్పటి నుంచి డబ్బు చేతిలో ఆడింది కాబట్టి. ఈనాటి పిల్లలకు కూడా డబ్బు చేతికివ్వాలి. ఇవ్వకుండా లెక్క రాలేదంటే ఎలా వస్తుంది?

ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఇద్దరికీ ఇవ్వాలి. కొన్ని ఇళ్లలో దుకాణానికి అబ్బాయినే పంపుతారు. అమ్మాయిని ఇంటిపనిలో పెడతారు. అప్పుడు లెక్క అబ్బాయికే వస్తుంది. రేపు పొదుపు సంఘంలో కూర్చునేది, కూలి డబ్బులు ఎంచుకునేది, బ్యాంకు పుస్తకం చూసుకునేది ఆ అమ్మాయే కదా!

"ఇప్పుడంతా ఫోన్లలోనే ఇస్తున్నారు. చిల్లర లెక్క ఎందుకు?" అని కొందరు అంటారు. ఫోనుతో ఇస్తే చిల్లర రాదు. నిజమే. కానీ 58కి బదులు 580 అని నొక్కితే? అంకె చూసుకోవాలి. అన్నీ కలిపి ఎంతయిందో ముందే తెలియాలి. అందుకు లెక్క కావాలి. పైగా ఫోను అందరి చేతిలో ఉండదు. ఉన్నా అన్నివేళలా పనిచేయదు. బస్సులో చిల్లర లేకపోతే కండక్టరు బాకీ ఎంతో టికెట్ వెనకాల రాసి ఇస్తాడు. ఆ అంకె సరిగ్గా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. దిగే ముందు అడిగి తీసుకోవాలి.

ఈ మాటలు పిల్లలకు చెప్పండి.

ఇంటి నుంచి బయలుదేరే ముందు చేతిలో ఎంత ఉందో చూసుకోవాలి.

సరుకు ధర అడగాలి. అన్నీ కలిపి ఎంతయిందో అడగాలి.

నోటు ఇచ్చేటప్పుడు "ఇది వంద", "ఇది రెండు వందలు" అని పైకి చెప్పాలి.

చిల్లర చేతికి రాకముందే ఎంత రావాలో అనుకోవాలి.

అక్కడే నిలబడి ఎంచుకోవాలి. ఇంటికి వచ్చి ఎంచితే లాభం లేదు.

తక్కువ వస్తే మర్యాదగా అడగాలి. ఎక్కువ వస్తే తిరిగి ఇవ్వాలి.

చిల్లరకు బదులు చాక్లెట్ ఇస్తే, వద్దనుకుంటే వద్దని చెప్పాలి. అది తప్పు కాదు.

చివరికి ఒకసారి సరిచూసుకోవాలి. సరుకు ధరకు చిల్లర కలిపితే ఇచ్చిన డబ్బు రావాలి. 76కి 24 కలిపితే 100. అంటే లెక్క సరిపోయింది.

ఇప్పుడు మీరూ, మీ పిల్లలూ కలిసి ఈ లెక్కలు చేయండి. పక్కన చింతగింజలు పెట్టుకోండి.

1. నూనె, సబ్బు కలిపి 135 రూపాయలు. 200 ఇచ్చారు. ఎంత రావాలి?

2. కూరగాయలు 47 రూపాయలు. 100 ఇచ్చారు. ఎంత రావాలి?

3. సరుకులు 364 రూపాయలు. 500 ఇచ్చారు. ఎంత రావాలి?

4. బస్సు టికెట్ 35 రూపాయలు. 50 ఇచ్చారు. కండక్టరు 10 ఇచ్చాడు. టికెట్ వెనకాల ఎంత రాయాలి?

చేశారా? ఇప్పుడు సరిచూసుకోండి. మొదటిది 65. రెండోది 53. మూడోది 136. నాలుగోది 5.

రెండో లెక్కకు ఎవరికైనా 63 వచ్చిందా? సిగ్గుపడకండి. ఆ తల్లి చేసిన తప్పే అది. 47 నుంచి 50కి మూడు. ఇప్పుడు ఎక్కడున్నారు? యాభై దగ్గర. ఇక్కడి నుంచి మళ్లీ ఎక్కండి.